వార్తకు డబ్బు కట్టిందెవరో మాకు చెప్పండి: మీడియా సంస్థలకు ఒక పాఠకుడి బహిరంగ లేఖ

పత్రికలు, టీవీ చానళ్లు, న్యూస్ యాప్‌ల యజమానులకు, సంపాదకులకు, యాడ్ విభాగాల పెద్దలకు,

నమస్కారం. రోజూ తెల్లారేసరికి పేపరు తేవడం, రోజంతా చానల్ నడపడం ఎంత కష్టమో బయటి నుంచి చూసేవాడిగా కొంత తెలుసు, మీ పని మీద గౌరవమూ ఉంది. ఆ ముక్క చెప్పేసి విషయంలోకి వస్తాను.

మా నాన్న పేపరు చదివేటప్పుడు పక్కన ఎర్ర పెన్ను పెట్టుకుంటారు. నచ్చిన వాక్యం కింద గీత, నమ్మబుద్ధి కాని వాక్యం పక్కన ప్రశ్న గుర్తు. కొన్ని నెలల కిందట ఆరోగ్యం పేజీలో కీళ్ల నొప్పుల మీద అరపేజీ వ్యాసం వచ్చింది. ఒక్క ప్రశ్న గుర్తు కూడా లేకుండా దాదాపు ప్రతి వాక్యం కిందా గీతలు గీసి, కత్తిరించి, టేబుల్ మీద అద్దం కింద పెట్టుకున్నారు. రోజూ ఆ పేపరు వాడే అక్షరాలే, అదే కాలమ్‌ల పేజీ, తెల్లకోటు వేసుకున్న మనిషి ఫొటో, దాని కింద రెండు వాక్యాల పరిచయం. వ్యాసం చివరికొచ్చేసరికి ఒక నూనె, ఒక మాత్ర. రెండూ తెప్పించుకున్నారు. అంతటితో ఆగితే ఈ ఉత్తరం ఉండేది కాదు. పేపర్లోనే రాశారు కదా అని, డాక్టరు రాసిచ్చిన మందు మాకెవరికీ చెప్పకుండా మానేశారు. ఐదు వారాల తర్వాత మోకాలు వాచి మంచం దిగలేకపోతే అప్పుడు తెలిసింది మాకు.

ఆ రోజు అద్దం ఎత్తి ఆ ముక్క తీసి చూశాను. పై అంచున, కుడి మూలన, లేత బూడిద రంగులో ఏదో మాట ఉంది, పేజీ నంబరు కన్నా చిన్న అక్షరాల్లో. నాన్న కత్తెర దాని మధ్యలోంచే పోయింది, ‘అడ్వర్’ వరకు మిగిలింది. అది ‘అడ్వర్టోరియల్’, అంటే వ్యాసం వేషంలో ఉన్న యాడ్, అని పాత పేపర్ల కట్టలో మిగతా పేజీ వెతికి చూస్తే గానీ అర్థం కాలేదు. కత్తిరించేటప్పుడు ఆయనకది వ్యాసంలో భాగంలా అనిపించలేదు మరి. అనిపించకూడదనే కదా మీరు అలా వేసింది.

ఆ పేపరుకు మూడుసార్లు రాశాను. మొదటి మెయిల్‌కు ‘మీ అభిప్రాయం మాకు అమూల్యం’ అని ఆటోమేటిక్ జవాబు. రెండో మెయిల్‌లో పేజీ ఫొటో పెట్టి, ఇది వ్యాసమా యాడా, యాడ్ అయితే చదివేవాడికి కనబడేలా ఎందుకు వేయలేదు అని అడిగాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. యాడ్ విభాగం నుంచి, రేట్ కార్డుతో సహా! ఆ పేజీలో నాకూ అలాంటి వ్యాసం కావాలేమో అనుకున్నారు పాపం. ఫుల్ పేజీకి ఎంత, అరపేజీకి ఎంత, ‘ఎడిటోరియల్ శైలిలో’ కావాలంటే అదనంగా ఎంత, అన్నీ వరసగా ఉన్నాయి. అడిగిన ప్రశ్నకు జవాబు ఆ కార్డులోనే ఉందనుకోండి, కానీ వాళ్లు ఇవ్వాలనుకుని ఇచ్చింది కాదు. మూడో మెయిల్‌కు జవాబే లేదు.

ఆ పేపరు పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే మిగతావాళ్లంతా హమ్మయ్య మేము కాదులే అనుకుంటారు. ఇది ఒక్క పేపరుకు పట్టిన జబ్బు కాదు, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే ఎవరు భుజాలు తడుముకుంటారో వాళ్లిష్టం.

ముందు నాకు కనబడుతున్న సంగతులు.

1. యాడ్‌కు వార్త చొక్కా తొడుగుతున్నారు. ఇది ఇవాళ మొదలైంది కాదని నాకూ తెలుసు. 1922 ఆగస్టులో న్యూయార్క్‌లోని డబ్ల్యూఈఏఎఫ్ రేడియో స్టేషన్ డబ్బు తీసుకుని ఒక ప్రకటన ప్రసారం చేసింది, రేడియో ప్రకటనల చరిత్ర మామూలుగా అక్కడే మొదలుపెడతారు. అది ప్రకటనలా ఉండదు. దాదాపు పది నిమిషాల ప్రసంగం. ఒక పెద్ద రచయిత తలపులతో మొదలై, నగరంలో ఇరుకు బతుకు వదిలి పచ్చటి చోట పిల్లాపాపలతో ఉండమని హితవు చెప్పి, చివరికి వెళ్లి ఒక కంపెనీ కట్టిన అపార్ట్‌మెంట్ల దగ్గర తేలింది. అమ్ముతున్నట్టు కనబడకుండా అమ్మితేనే గిట్టుబాటని అమ్మేవాడికి ఆనాడే తెలుసన్న మాట.

ఈ వ్యాసాలు ఎలా తయారవుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు, ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. మ్యాటర్ క్లయింటు దగ్గర్నుంచి వస్తుంది, లేదంటే ‘బ్రాండ్ స్టూడియో’ లాంటి పేరుతో మీ దగ్గరే ఉన్న విభాగం రాస్తుంది. పేజీ పెట్టేవాళ్లు పేపరు ఫాంటే వాడతారు. హెడ్డింగ్, సబ్ హెడ్డింగ్, మధ్యలో బాక్సు, ఫొటో కింద క్యాప్షన్, అన్నీ వార్తకు పెట్టినట్టే. ఇక తేడా అల్లా మూలనున్న ఆ ఒక్క మాటే. దాన్ని ఎంత చిన్నగా, ఎంత లేతగా, ఎంత అర్థం కాకుండా వేయాలన్న దాని మీద మీరు పెట్టే శ్రద్ధలో సగం అచ్చుతప్పుల మీద పెట్టినా బాగుండును. అడ్వర్టోరియల్, సౌజన్యం, ప్రమోటెడ్, స్పాన్సర్డ్, పార్ట్‌నర్ కంటెంట్, బ్రాండ్ స్టోరీ... ‘ప్రకటన’ అనే చక్కటి మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకేనేమో దాన్ని వాడరు.

2016లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు అమెరికా మిడిల్ స్కూల్ పిల్లలకు ఒక వెబ్ పేజీ చూపించి ఇందులో ఏది వార్త, ఏది ప్రకటన అని అడిగారు. ‘స్పాన్సర్డ్ కంటెంట్’ అని రాసి ఉన్న ముక్కను 80 శాతానికి పైగా పిల్లలు నిజమైన వార్తే అనుకున్నారు. పిల్లలు కదా అంటారేమో. మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా ఆడిటింగ్ చేసిన మనిషి, లెక్కలో సున్నా తప్పితే దూరం నుంచే పట్టేస్తారు.

పట్టుబడితే దిద్దుకోవడం కూడా చేతనవును, కాదనను. 2013 జనవరిలో ది అట్లాంటిక్ పత్రిక వెబ్‌సైట్‌లో సైంటాలజీ చర్చి అనే మత సంస్థ డబ్బిచ్చి వేయించుకున్న వ్యాసం, అచ్చం మిగతా వ్యాసాల్లాగే వచ్చింది. పాఠకులు గగ్గోలు పెట్టేసరికి ఆ రాత్రే తీసేశారు, మర్నాడు తప్పు జరిగిందని ఒప్పుకున్నారు. అంటే కుదురుతుంది. గగ్గోలు పుడితే కుదురుతుంది.

2. మీ యజమాని ఎవరో మాకు తెలియదు. కొన్నిసార్లు మీ విలేకరులకే తెలియదు. ఇది ఎత్తిపొడుపు కాదు, జరిగింది. 2015 డిసెంబరులో అమెరికాలో లాస్ వేగస్ రివ్యూ-జర్నల్ అనే పేపరును ఎవరో 14 కోట్ల డాలర్లకు కొన్నారు. ఎవరు అంటే కాగితం మీద కనబడింది డెలావేర్ రాష్ట్రంలో రిజిస్టరైన, అప్పటిదాకా ఎవరూ పేరు వినని ఒక కంపెనీ. యజమాని ఎవరైతే మీకేం, మీ పని మీరు చూసుకోండి అన్న ధోరణిలో సిబ్బందికి చెప్పారు. విలేకరి పని కూపీ లాగడం కాబట్టి వాళ్లు నిజంగానే తమ పని తాము చూసుకున్నారు. వారం తిరక్కుండా, తమను కొన్నది కాసినోల అధిపతి షెల్డన్ అడెల్సన్ కుటుంబమని తేల్చి, తమ పేపర్లోనే ఆ వార్త వేశారు. మర్నాడు ఆ కుటుంబం ఒప్పుకుంది.

ఆ ఊరు బతికేదే కాసినోల మీద. కొన్న పెద్దమనిషి ఎన్నికల్లో ఒక పార్టీకి భారీగా విరాళాలిచ్చేవాళ్లలో ఒకరు. కాసినోల్లో పనిచేసే మనిషి తన జీతం గురించీ, ఊళ్లో కాసినోల మీద పన్ను గురించీ, రేపు ఓటెవరికి వేయాలన్న దాని గురించీ పొద్దున్నే ఏ పేపరు చదివి ఒక అభిప్రాయానికి వస్తాడో ఆ పేపరే చేతులు మారింది, ఎవరి చేతికో చెప్పకుండా. మరీ పనిమంతులు కాబట్టి ఆ విలేకరులు బయటపెట్టగలిగారు. అంత పనిమంతులు లేని చోట్ల, లేదా ఉన్నా ఉద్యోగం పోతుందని టెన్షన్ పడే చోట్ల, ఎన్ని పేపర్లు, ఎన్ని చానళ్లు ఇలా గుట్టుగా చేతులు మారి ఉంటాయో ఒకసారి ఊహించుకోండి.

పేరు తెలిసినా కొన్నిసార్లు లాభం ఉండదు. 2018లో హంగేరీలో ప్రభుత్వానికి అనుకూలంగా ఉండే యజమానులు 400కు పైగా మీడియా సంస్థలను తీసుకెళ్లి ఒకే ఫౌండేషన్ చేతిలో పెట్టారు, అదీ ఉచితంగా. గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే పోటీ చట్టం కింద విచారణ అక్కర్లేకుండా ప్రభుత్వం దాన్ని ‘జాతీయ వ్యూహాత్మక ప్రాధాన్యం’ గల వ్యవహారంగా ప్రకటించేసింది. స్టాండులో పది రంగుల పత్రికలు కనిపిస్తాయి, కొనేవాడు పది అభిప్రాయాలు కొంటున్నానని అనుకుంటాడు. అదే ఏడాది అమెరికాలో సింక్లెయిర్ అనే కంపెనీకి చెందిన డజన్ల కొద్దీ స్టేషన్ల యాంకర్లు అబద్ధపు వార్తల ప్రమాదం గురించి ఒకే స్క్రిప్టును పొల్లు పోకుండా చదివారు. ఎవరో ఆ వీడియోలన్నీ పక్కపక్కన పెట్టి ఒకేసారి ప్లే చేస్తే బయటపడింది, లేకపోతే ఎవరి ఊరి యాంకర్ వాళ్లకు సొంత మాటే చెబుతున్నాడనుకునేవారు.

3. డబ్బు ఎవరు ఇస్తున్నారో తెలియదు. పేపరుకు మేము ఇచ్చేది కాగితం ఖర్చుకు కూడా చాలదని మీరే తరచుగా చెబుతుంటారు. మరి మిగతాది? 1833లో బెంజమిన్ డే అనే ఆయన న్యూయార్క్‌లో ‘ది సన్’ పెట్టి, మిగతా పేపర్లు ఆరు సెంట్లకు అమ్ముతుంటే ఒక్క సెంటుకే ఇచ్చాడు. తేడా ప్రకటనల్లో రాబట్టుకున్నాడు. ఎంతమంది కొంటే అంత యాడ్ రేటు. రెండేళ్లు తిరగ్గానే, 1835లో, చంద్రుడి మీద రెక్కల మనుషులు ఉన్నారని ఒక ఖగోళ శాస్త్రవేత్త పేరు వాడుకుని ధారావాహికగా వేశారు ఆ పేపర్లో. బాగా అమ్ముడుపోయింది. పాఠకుడిని సరుకుగా చేసి ప్రకటనదారుడికి అమ్మే వ్యాపారం మొదలైన రెండో ఏడే చంద్రుడి దాకా వెళ్లిందంటే, మా నాన్న మోకాలి దాకా రావడంలో వింత లేదు.

నవ్వులాటకు అన్నాను గానీ, అసలు దెబ్బ వచ్చిన అబద్ధంతో కన్నా రాని వార్తతో ఎక్కువ. 1999లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ తన ఆదివారం మ్యాగజైన్‌ను మొత్తంగా ఊళ్లో కొత్తగా తెరిచిన స్టేపుల్స్ సెంటర్ అనే స్టేడియం మీద వేసింది. ఆ సంచికలో వచ్చే ప్రకటనల లాభం ఆ స్టేడియంతోనే పంచుకోవడానికి లోపాయికారీ ఒప్పందం ఉందని రాసిన విలేకరులకు తెలియదు. తెలిశాక 300 మందికి పైగా జర్నలిస్టులు సంతకాలు పెట్టి నిలదీశారు. పబ్లిషర్ క్షమాపణ చెప్పారు, పేపరు తన తప్పు మీద తానే పేజీలకు పేజీలు పరిశోధన చేయించి అచ్చేసింది. ఆ చివరి పని చేసినందుకు నేను వాళ్లకు దణ్ణం పెడతాను. ఇంకోటి, 2015లో లండన్ టెలిగ్రాఫ్ పేపరు నుంచి పీటర్ ఓబోర్న్ అనే సీనియర్ వ్యాసకర్త రాజీనామా చేస్తూ, పెద్ద ప్రకటనదారు అయిన హెచ్ఎస్‌బీసీ బ్యాంకు గురించిన వార్తలను తమ పేపరు తగ్గించి వేస్తోందని బహిరంగంగా ఆరోపించారు. పేపరు కాదంది. ఎవరిది నిజమో మేము ఎలా తేల్చుకోవాలి? ఆ బ్యాంకులో ఖాతా ఉన్న మామూలు మనిషి ఎలా తేల్చుకోవాలి? ప్రకటనదారుల లెక్క మా ముందు ఉంటే కనీసం ఆలోచించుకోవడానికి ఒక ఆధారం ఉండేది.

ప్రభుత్వాల సంగతి వేరే చెప్పాలి. ప్రభుత్వం యాడ్ ఇవ్వడం ఒక ఆయుధమైతే, ఆపేయడం అంతకన్నా పెద్దది. ఆ డబ్బు మేము కట్టిన పన్నే, అది మీకు ఎంత చేరిందో మాకు మాత్రం చెప్పరు.

4. మీ సరుకును మీరు అమ్ముకునే తీరు. ఒకే ఊళ్లో ముగ్గురు ‘నంబర్ వన్’లు ఎలా ఉంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకరిది ఉదయం స్లాట్ అట, ఒకరిది ఫలానా వయసు వాళ్లలో అట, ఒకరిది ఫలానా వారంలో అట, నక్షత్రం గుర్తు వేసి అట్టడుగున చీమ కాళ్లంత అక్షరాల్లో రాస్తారు. 2004లో అమెరికాలో న్యూస్‌డే, షికాగో సన్-టైమ్స్, డాలస్ మార్నింగ్ న్యూస్ లాంటి పేరున్న పత్రికలే సర్క్యులేషన్ అంకెలు పెంచి చూపించామని ఒప్పుకోవాల్సి వచ్చింది. 2016లో ఫేస్‌బుక్ కూడా వీడియోలు సగటున ఎంతసేపు చూస్తున్నారన్న లెక్కను రెండేళ్ల పాటు ఎక్కువ చేసి చూపించామని ఒప్పుకుంది, మూడు సెకన్ల లోపు చూసి వెళ్లిపోయిన వాళ్లను లెక్కలోంచి తీసేశారట. చదవడం మానేసి అందరూ వీడియోలే చూస్తున్నారన్న ఊపులో రాసేవాళ్లను ఇంటికి పంపి వీడియోలకు ఎగబడ్డ న్యూస్ కంపెనీలు ఆ రోజుల్లో తక్కువేం లేవు.

తర్వాత చందాల గోల. చేరడానికి ఒక్క నొక్కు. మానుకోవడానికి మాత్రం ఫోన్ చేయాలి, అదీ ఆఫీసు టైములో, లైనులో పాట వింటూ, ఆ తర్వాత ‘ఎందుకు సార్ మానేస్తున్నారు’ అని అడిగే అమ్మాయికి సంజాయిషీ ఇచ్చుకుంటూ. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమె ముందు పెట్టిన కాగితం అది. సమాచారం దాచేవాళ్లను రోజూ పేపర్లో కడిగిపారేసే సంస్థ తన ‘క్యాన్సిల్’ బటన్‌ను ఎక్కడ దాచిందో ఎవరికీ చెప్పదు.

మీ గ్రూపు తీసిన సినిమా గురించి మీ గ్రూపు చానల్లో వార్త, మీ గ్రూపు పేపర్లో సమీక్ష, మీ గ్రూపు యాప్‌లో ‘ట్రెండింగ్’. బంధుత్వం ఎక్కడా చెప్పరు.

5. విలేకరికి యాడ్ టార్గెట్. పొద్దున ఒక ఆసుపత్రి మీద వార్త రాయాల్సిన మనిషిని సాయంత్రం అదే ఆసుపత్రికి యాడ్ అడగడానికి పంపితే, రాసే వార్త ఎలా ఉంటుందో పెద్దగా చెప్పక్కర్లేదు. ఇది చేసే సంస్థలకు ఇది తెలుసు.

ఇక మీరు ఇచ్చే జవాబు నాకు ముందే తెలుసు. ప్రకటనలు లేకపోతే మేము మూసుకోవాలి, మూసుకుంటే మీకే నష్టం. నిజమే. అమెరికాలో 2005 నుంచి ఇప్పటిదాకా మూడోవంతుకు పైగా వార్తాపత్రికలు మూతపడ్డాయి, అలా పేపరు లేకుండా పోయిన చోట స్థానిక సంస్థల సమావేశానికి వెళ్లి కూర్చునే విలేకరి ఒక్కడూ ఉండడు. నేను ప్రకటనలు వద్దనడం లేదు. నిజం చెప్పాలంటే, నేను యాడ్‌నండీ అని చెప్పుకునే యాడ్‌తో నాకు ఏ పేచీ లేదు, కొన్ని వార్తల కన్నా బాగుంటాయి కూడా. యాడ్‌నని చెప్పుకోని యాడ్‌తోనే నా గొడవ.

వేరే దారులు కూడా లోకంలో ఉన్నాయి, వాటిలో ఏదీ పంచదార చిలక కాదు. ఫ్రాన్స్‌లో 1915లో పుట్టిన లె కనార్ ఆంషెనే అనే వారపత్రిక ప్రకటనలు లేకుండా నడుస్తోంది, తన లెక్కలు ఏటా తన పేజీల్లోనే అచ్చేసుకుంటుంది. అమెరికాలో సరుకులను పరీక్షించి మంచిచెడ్డలు చెప్పే కన్‌జ్యూమర్ రిపోర్ట్స్ 1936లో పుట్టినప్పటి నుంచీ ప్రకటన తీసుకోదు, తీసుకుంటే ఆ పరీక్షను ఎవరూ నమ్మరు కాబట్టి. అదే 1936లో ఇంగ్లండ్‌లో గార్డియన్‌ను ఒక ట్రస్టు కిందికి తెచ్చారు. బీబీసీ ప్రజలు కట్టే లైసెన్స్ ఫీజు మీద బతుకుతుంది, ఆ ఫీజు ఎంతన్నది ప్రభుత్వం చేతిలో ఉంటుంది, ఆ ముడి ఆ ముడే. ఇంకో సంగతి, 1922లో బీబీసీని కంపెనీగా మొదలుపెట్టింది రేడియో సెట్లు తయారుచేసే వ్యాపారులు. కార్యక్రమాలు ఉంటేనే కదా సెట్లు అమ్ముడయ్యేది. ప్రజల సంస్థగా మారింది 1927లో.

యజమాని పేరు చెప్పేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. వాషింగ్టన్ పోస్ట్‌ను 2013లో జెఫ్ బెజోస్ 25 కోట్ల డాలర్లకు కొన్నారు. అమెజాన్ గురించి రాసినప్పుడు, దాన్ని స్థాపించిన మనిషే మా యజమాని అని ఒక వాక్యం రాసే అలవాటు ఆ పేపరుకు ఉంది, మంచి అలవాటు. అయినా 2024 అక్టోబరులో అధ్యక్ష ఎన్నికల్లో ఎవరినీ సమర్థించకూడదని పేపరు నిర్ణయించింది, ఆ నిర్ణయం యజమానిదేనని తెలిసిపోయింది. కొద్ది రోజుల్లోనే రెండున్నర లక్షల మందికి పైగా చందా మానేశారని వార్తలు వచ్చాయి. వాళ్లు చేసింది ఒప్పా తప్పా అన్నది వేరే వాదన. ఎవరి చేతిలో ఏముందో తెలుసు కాబట్టి ఆ పాఠకులు ఏదో ఒకటి చేయగలిగారు. మాకు ఆ మాత్రం కూడా తెలియదు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. డబ్బు తీసుకుని వేసిన ప్రతిదాని మీదా ‘ప్రకటన’ అని వేయండి. ఇంకే మాటా వద్దు. హెడ్డింగ్ ఎంత సైజులో ఉంటే అది కూడా అంతే ఉండాలి, హెడ్డింగ్ పక్కనే ఉండాలి, కత్తెరకు దొరక్కుండా. వీడియో అయితే మొదటి నుంచి చివరి దాకా తెర మీద కనబడాలి, ఆడియో అయితే మొదట్లోనే నోటితో చెప్పాలి. అచ్చులో వాడే ఫాంటు, పేజీ రంగు వార్తల పేజీకి వేరుగా ఉండాలి.

2. మందులు, చికిత్సలు, అప్పులు, పెట్టుబడులు, చదువులు, ఈ ఐదింటి మీద వార్త రూపంలో ప్రకటనే వద్దు. పెద్ద బొమ్మతో మామూలు యాడ్ వేసుకోండి, ఎవరొద్దన్నారు? ఈ ఒక్క విషయంలో నేను బేరానికి రాను. సబ్బు గురించి మోసపోతే ఒక సబ్బు పోతుంది. వీటిలో మోసపోతే పోయేది మనిషి ఆరోగ్యం, లేదా జీవితమంతా కూడబెట్టింది.

3. యజమాని ఎవరో రోజూ వేయండి. కంపెనీ పేర్లు కాదు, ఆ కంపెనీల వెనక ఉన్న మనుషుల పేర్లు, ఎవరి వాటా ఎంత, వాళ్లకున్న ఇతర వ్యాపారాలేమిటి, పార్టీ పదవులేమైనా ఉన్నాయా. పేపరు పేరు కింద తేదీ వేసే చోట ఒక్క గీత చాలు, మిగతా వివరం ఎక్కడుందో చెబుతూ. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. యూరోపియన్ యూనియన్ 2024లో మీడియా స్వేచ్ఛ చట్టం తెచ్చింది, 2025 ఆగస్టు నుంచి అది దాదాపు పూర్తిగా అమల్లోకి వచ్చింది. నేరుగానో చాటుగానో యజమానులెవరో, చివరికి లాభం పొందే మనిషి ఎవరో, ప్రభుత్వ ప్రకటనల నుంచి ఏడాదికి ఎంత వచ్చిందో జనానికి తేలిగ్గా దొరికేలా పెట్టాలని అందులో ఉంది. అక్కడ కుదిరింది ఎక్కడైనా కుదురుతుంది.

4. ఏడాదికోసారి ఆదాయం లెక్క మీ పేజీలోనే అచ్చేయండి. పాఠకుల నుంచి ఎంత, ప్రైవేటు ప్రకటనల నుంచి ఎంత, ప్రభుత్వాల నుంచి ఎంత, సభలూ అవార్డు ఫంక్షన్ల నుంచి ఎంత, అప్పు ఎవరిచ్చారు, మొదటి పదిమంది ప్రకటనదారులెవరు. అప్పు సంగతి మర్చిపోకండి, అసలు యజమాని కన్నా అప్పిచ్చినవాడి మాట ఎక్కువ చెల్లే సంస్థలు ఏ వ్యాపారంలోనైనా ఉంటాయి.

5. యజమాని గురించి, ఆయన వ్యాపారాల గురించి, పెద్ద ప్రకటనదారు గురించి వార్త వస్తే ఆ సంబంధం ఒక వాక్యంలో అక్కడే చెప్పండి. మీ గ్రూపు సినిమా సమీక్షలకు కూడా ఇదే వర్తిస్తుంది.

6. నంబర్ వన్ అని వేసుకుంటే ఎవరు లెక్కపెట్టారో, ఎప్పుడో, ఎవరిలోనో అదే సైజు అక్షరాల్లో పక్కనే రాయండి. ఊరికే పంచిన కాపీలెన్నో కూడా.

7. చందా ఏ దారిలో కట్టామో అదే దారిలో మానుకోనివ్వండి.

8. విలేకరులకు యాడ్ టార్గెట్లు ఎత్తేయండి.

9. జవాబిచ్చే మనిషిని పెట్టండి. 1967లో అమెరికాలో లూయీవిల్ పేపరు పాఠకుల ఫిర్యాదులు చూడటానికే ఒక మనిషిని నియమించింది. న్యూయార్క్ టైమ్స్ 2003లో అలాంటి పదవి పెట్టి, 2017లో తీసేసింది, ఇప్పుడు సోషల్ మీడియాలో పాఠకులే ఆ పని చేస్తున్నారు కదా అంది. సోషల్ మీడియాలో అరిచే ఓపిక, అలవాటు ఉన్నవాళ్లకు అది సరిపోతుందేమో. డెబ్బై దాటి, ఎర్ర పెన్నుతో పేపరు చదివే మనిషి ఎవరికి అరవాలి? ఆయన రాసే ఉత్తరాన్ని యాడ్ విభాగానికి కాకుండా సంపాదకుడి బల్ల మీదికి చేర్చే ఒక్క మనిషి పేరు, ఫోన్ నంబరు రోజూ వేయండి.

మీ న్యూస్ రూముల్లో పనిచేసేవాళ్లకు విడిగా ఒక మాట. మూలనున్న ఆ మాటను లేత బూడిద రంగులో పెట్టమని మీకు చెప్పినప్పుడు మీలో కొందరికి ఇబ్బందిగానే ఉండి ఉంటుంది. మింగలేక కక్కలేక ఉన్నారని తెలుసు, ఉద్యోగాలు వదులుకోమని అడిగే హక్కు నాకు లేదు. లాస్ ఏంజెలెస్‌లో ఆ 300 మందీ ఉద్యోగాలు వదల్లేదు, కలిసి సంతకం పెట్టారు.

నాన్న ఇప్పుడు లేచి తిరుగుతున్నారు, డాక్టరు మందు మళ్లీ మొదలుపెట్టారు. పేపరు మానలేదు. ఎర్ర పెన్ను అలాగే ఉంది. కానీ ఈ మధ్య ఆయన చదివిన పేజీ తీసి చూస్తే గీతలు తగ్గాయి, వార్తల పక్కన కూడా, నిజమైన వార్తల పక్కన కూడా, ప్రశ్న గుర్తులు కనిపిస్తున్నాయి.

‘అడ్వర్’ వరకు మిగిలిన ఆ ముక్క ఫొటో తీసి, నా మూడు మెయిళ్లతో కలిపి సంబంధిత పేపరుకు నాలుగోసారి పంపుతున్నాను. జవాబు వస్తే పొల్లు పోకుండా అందరికీ చదివి వినిపిస్తాను.

రేట్ కార్డు మాత్రం మళ్లీ పంపకండి.

ఇట్లు,
మీ పాఠకుడు